8 నిమిషాల ప్రెజెంటేషన్, 26 నెలల పేపర్: నా అనుభవం

2025 జనవరి 9 పొద్దున మెయిల్ తెరిస్తే, మా పేపర్ ఆన్‌లైన్‌లోకి వచ్చిందంటూ లింకు ఉంది. అదే పనిని నేను కాన్ఫరెన్స్‌లో స్టేజీ ఎక్కి చెప్పింది 2022 నవంబర్ 19న. అంటే దాదాపు 26 నెలలు. చెప్పడానికి పట్టింది 8 నిమిషాలు, ప్రశ్నలకు ఇంకో 2. ఈ మధ్యలో ఏం జరిగిందో వరసగా రాసి పెడదామని కూర్చున్నాను, ఎందుకంటే మొదట్లో నేను ఎవర్ని అడిగినా "ఏముంది, స్లైడ్లున్నాయిగా, వాటినే వాక్యాలుగా రాసేయ్" అన్నారు. నేనూ నమ్మాను.

మాది ఆర్థోడాంటిక్స్‌లో, అంటే పళ్ల వరస సరిచేసే విభాగంలో, ఒక ల్యాబ్ స్టడీ. క్లిప్పుల ట్రీట్‌మెంట్ కోసం తీయించుకున్న ప్రీమోలార్ (కోరపళ్ల వెనకుండే) పళ్లను పోగుచేసి, సగం పళ్లకు మామూలు పద్ధతిలో 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఎచింగ్ చేసి (జిగురు పట్టేలా పంటి పైపొరను గరుకు చేసి), మిగతా సగానికి ఆ పనిని తనే చేసే సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్ రాసి, అన్నిటికీ ఒకే రకం బ్రాకెట్లు (క్లిప్పుల వైరును పట్టి ఉంచే చిన్న ముక్కలు) అతికించాం. తర్వాత టెస్టింగ్ మెషీన్‌లో పెట్టి ఎంత బలానికి ఊడొస్తున్నాయో చూశాం. యాసిడ్ గ్రూపు సగటు 11.2 మెగాపాస్కల్ (అతుకు బలానికి కొలత), ప్రైమర్ గ్రూపు 9.4. పీ విలువ 0.03; ఈ అంకె 0.05 కంటే తక్కువుంటే తేడా కాకతాళీయం కాదని లెక్కేస్తారు. ఆ 0.03ను స్లైడ్ మీద ఎర్రటి అక్షరాల్లో, కళ్లు చెదిరేంత సైజులో పెట్టాను. మూడో బహుమతి కూడా వచ్చింది. సర్టిఫికెట్ పట్టుకుని దిగుతుంటే మా గైడ్ సార్ ఎదురొచ్చి "నెలలో పేపర్ పంపించేద్దామమ్మా" అన్నారు. ఆ నెల ఎనిమిది నెలలు దాటింది.

ఆ ఎనిమిది నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పరీక్షలు, థీసిస్, ఓపీ. ల్యాప్‌టాప్‌లో "పేపర్ ఫైనల్" అని ఒక ఫోల్డర్, అందులో ఆ పీపీటీ తప్ప ఇంకేమీ లేదు. ఈలోగా కాన్ఫరెన్స్ వాళ్లు అబ్‌స్ట్రాక్టులన్నీ (ఒక్కో పనికీ చిన్న సారాంశం) ఆన్‌లైన్‌లో పెట్టారు, దాంతో నా మెయిల్‌కు రోజుకు రెండు మూడు ఆహ్వానాలు రావడం మొదలైంది. "గౌరవనీయులైన డాక్టర్ గారూ, మీ అద్భుతమైన పరిశోధన చూశాం, 5 రోజుల్లో ప్రచురిస్తాం, ఈ వారం పంపితే సగం ఫీజే" అని. అబద్ధం ఎందుకు, 2023 జులైలో ఒకరోజు రాత్రి ఒకదానికి దాదాపు పంపేశాను. ఆ జర్నల్ పేజీలో ఎడిటర్ల పేర్లు చూస్తే ఒకాయన పశువైద్యంలో, ఇంకొకాయన సివిల్ ఇంజనీరింగ్‌లో. పళ్ల జర్నల్‌కు సివిల్ ఇంజనీర్ ఎందుకబ్బా అని ఆగిపోయాను. 5 రోజుల్లో పీర్ రివ్యూ (అదే రంగంలోని వేరేవాళ్లు చదివి తప్పొప్పులు చెప్పడం) ఎలా అవుతుందన్న అనుమానం నాకు ఆ రాత్రి రాలేదు, తర్వాత ఎప్పుడో వచ్చింది.

2023 ఆగస్టు 6, ఆదివారం, కూర్చుని రాయడం మొదలుపెట్టాను. 14 స్లైడ్లను వాక్యాలుగా మారిస్తే పేజీన్నర వచ్చింది. అంతే. స్లైడ్ మీద "నమూనాలు: 60 ప్రీమోలార్లు" అని ఒక్క గీత ఉంటుంది. పేపర్లో అదే చోట ఆ పళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎన్నాళ్లు దాచారు, ఏ ద్రావణంలో, పగుళ్లున్నవి ఎన్ని తీసేశారు, ఎవరు చూసి తీసేశారు, అన్నీ కావాలి. ల్యాబ్ స్టడీలకు క్రిస్ అనే చెక్‌లిస్ట్ ఉంది, 2014లో వచ్చింది. దాన్ని పక్కన పెట్టుకుని రాస్తుంటే ప్రతి ప్రశ్నకూ నా దగ్గర ఉన్న జవాబు "గుర్తులేదు". జిగురు గట్టిపడేలా లైటు వేసే లైట్ క్యూర్ ఎన్ని సెకన్లు? 20 అనుకుంటా. మెషీన్ క్రాస్‌హెడ్ (కదిలే భాగం) వేగం నిమిషానికి 0.5 మిల్లీమీటరా, 1 మిల్లీమీటరా? ఆ మెషీన్ ఉన్న ల్యాబ్‌కు ఫోన్ చేస్తే అక్కడి టెక్నీషియన్ పాత లాగ్‌బుక్ వెతికి చెప్పడానికి 9 రోజులు పట్టింది. రాయడం మొత్తానికి పట్టింది ఎంతో కాదు, చేసిన పని ఏమిటో మళ్లీ కనుక్కోవడానికే కాలమంతా పోయింది.

ఫోటోల సంగతి ఇంకో గొడవ. జర్నల్‌కు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలి. పీపీటీలోంచి తీసిన బొమ్మలు పెద్దవి చేస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తున్నాయి. అసలు ఫోటోలు నా ఫ్రెండ్ ఫోన్‌తో తీశాం, తను నాకు వాట్సాప్‌లో పంపింది, అంటే అవి అప్పటికే సగం చచ్చినవి. ఆ ఫోన్ మార్చేసి ఏడాదైంది. మళ్లీ తీద్దామంటే పళ్లు లేవు, స్టడీ అయిపోగానే బయోమెడికల్ వేస్ట్‌లో పడేశాం. చివరికి టెస్టింగ్ తర్వాత ఒక్కో పంటినీ మైక్రోస్కోప్ కెమెరాతో తీసిన ఫోటోలు ఒక మెమరీ కార్డులో దొరికాయి. ఆ కార్డు తర్వాత నన్ను ఇంకోసారి కాపాడింది, అది తర్వాత చెప్తాను.

ఇక పేర్లు. అబ్‌స్ట్రాక్ట్ మీద 7 పేర్లున్నాయి. కాన్ఫరెన్స్ రోజుల్లో ఎవరూ లెక్కపెట్టలేదు, అందరం సంతోషంగా ఫోటో దిగాం. జర్నల్ మాత్రం ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నియమాలు పాటించాలంటుంది: పనిలోనో డేటాలోనో గట్టి పాత్ర ఉండాలి, రాతలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, చివరి ప్రతిని ఒప్పుకోవాలి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉంటేనే ఆథర్. ఆ లెక్కన ఇద్దరు తేలరు. ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకున్న జూనియర్, "అక్కా, నా పేరు థాంక్స్‌లో వేస్తే చాలు" అని నవ్వేసింది. రెండో ఆవిడ సీనియర్ మేడమ్. ఆవిడ గదికి వెళ్లి ఆ మాట ఎలా చెప్పాలో రెండు వారాలు తెలియలేదు. ఆఖరికి డ్రాఫ్టు ప్రింట్ తీసుకెళ్లి "మేడమ్, మీరు దిద్ది ఇస్తే పేరు ఉంటుంది, టైం లేకపోతే థాంక్స్‌లో రాస్తాం" అన్నాను. కాసేపు నా మొహం చూసి, డ్రాఫ్టు ఉంచుకున్నారు. నాలుగో రోజు ఎర్ర పెన్నుతో నిండిపోయి వచ్చింది. మొత్తం రెండేళ్లలో నా డిస్కషన్ భాగాన్ని అంత బాగా దిద్దింది ఇంకెవరూ లేరు, సార్‌తో సహా.

2023 అక్టోబర్ 2న మొదటి సబ్మిషన్. ఫైల్ అప్‌లోడ్ చేస్తే అయిపోతుందనుకుని రాత్రి 9కి కూర్చుంటే 1 దాటింది. టైటిల్ పేజీ విడిగా, పేర్లు లేని ప్రతి విడిగా, కవర్ లెటర్, ఎథిక్స్ కమిటీ లెటర్ నంబరు, అందరి ఆర్కిడ్ ఐడీలు (పరిశోధకులను గుర్తుపట్టే నంబర్లు). పదహారంకెల ఆ ఐడీ మా ఆరుగురిలో ఇద్దరికి లేనే లేదు. "ఈ పనిని ఇంతకుముందు ఎక్కడైనా ప్రచురించారా?" అన్న ప్రశ్న దగ్గర చెమటలు పట్టాయి, అబ్‌స్ట్రాక్ట్ ఆన్‌లైన్‌లో ఉందిగా మరి. తర్వాత చదివితే తెలిసింది, కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్టో పోస్టరో ఉన్నంత మాత్రాన డూప్లికేట్ ప్రచురణ కాదు, కానీ దాచకుండా కవర్ లెటర్లో చెప్పాలి. చెప్పాను. మూడో రోజుకే రిజెక్ట్. రివ్యూకు కూడా పంపలేదు, "మా జర్నల్ పరిధికి సరిపోదు" అని రెండు వాక్యాలు. ఏడవలేదు గానీ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

రెండో జర్నల్‌కు అక్టోబర్ 28న పంపాను. ఈసారి వారానికి వెనక్కి వచ్చింది, సిమిలారిటీ 31 శాతం అట. ఎవర్ని కాపీ కొట్టాం అని రిపోర్టు తెరిస్తే, కొట్టింది నన్నే. మా అబ్‌స్ట్రాక్టు, లైబ్రరీ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టిన నా థీసిస్. మెథడ్స్ భాగాన్ని మళ్లీ రాయడం కంటే విసుగైన పని ఇంకోటి లేదు, ఒకే పంటికి ఒకే యాసిడ్ ఒకే రకంగా రాసిన సంగతిని ఎన్ని రకాలుగా చెప్తాం? సరిచేసి పంపాక "అండర్ రివ్యూ" అని పడింది. ఆ రెండు మాటలు నాలుగు నెలలు కదల్లేదు. రోజూ లాగిన్ అయ్యి చూసేదాన్ని, లిఫ్ట్ బటన్ పదిసార్లు నొక్కినట్టు.

2024 మార్చి 11, మధ్యాహ్నం, క్లినిక్‌లో పేషెంటుకు వైర్ మారుస్తుండగా మెయిల్ వచ్చింది. రిజెక్ట్. మొదటి రివ్యూయర్ మూడు లైన్లు, "ఆసక్తికరంగా ఉంది, ఇంగ్లీషు సరిచూడండి" అని. రెండో రివ్యూయర్ రెండు పేజీలు. అందులో నాలుగు ప్రశ్నలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. మీ అబ్‌స్ట్రాక్టులో 60 పళ్లు, పేపర్లో 56, మిగతా నాలుగు ఏమయ్యాయి? (కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్ట్ వెతికి మరీ చదివాడు, లేదా చదివింది.) పళ్లను రెండు గ్రూపులుగా యాదృచ్ఛికంగా విడగొట్టామన్నారు, ఏ పద్ధతిలో? బ్రాకెట్ ఊడాక పంటి మీద మిగిలిన జిగురుకు స్కోరు వేసింది ఎవరు, రెండోసారి సరిచూశారా? ఈ 56 పళ్లు ఎంతమంది మనుషులవి?

నాలుగో ప్రశ్న చదివి కాసేపు అర్థం కాలేదు. పళ్లు పళ్లే కదా, మనుషులతో ఏం పని? అర్థమయ్యాక కడుపులో ఏదో జారినట్టయింది. క్లిప్పుల కోసం వచ్చిన పిల్లలకు చాలాసార్లు నాలుగు ప్రీమోలార్లూ తీయిస్తాం. ఆ నాలుగూ ఒకే మనిషివి, ఒకే రకం ఎనామెల్. మేమేమో 56 పళ్లను 56 వేర్వేరు మనుషుల్లా లెక్కగట్టి మామూలు టీ టెస్ట్ (రెండు గ్రూపుల సగటులను పోల్చే లెక్క) చేసేశాం.

రెండో ప్రశ్నకు జవాబు ఇంకా సిగ్గుచేటు. యాదృచ్ఛికం అని రాసింది నేనే. నిజానికి జరిగింది ఏమిటంటే, పళ్లు దాచిన థైమాల్ ద్రావణం సీసాలోంచి చేతికి దొరికిన పన్ను తీసి అతికించాను. పళ్లు నెలల తరబడి వచ్చాయి కాబట్టి, ముందొచ్చిన సీసాలు ఎక్కువగా యాసిడ్ గ్రూపుకు, తర్వాతవి ఎక్కువగా ప్రైమర్ గ్రూపుకు పోయాయి. అప్పుడు తప్పని తోచనే లేదు, చూడకుండా తీశాను కాబట్టి యాదృచ్ఛికమే అనుకున్నాను.

సార్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. "సీసాల మీద ఏం రాశావు?" అని అడిగారు, అంతే. సీసాల మీద తెల్ల టేపు అతికించి, తేదీ రాసేదాన్ని. సీసాలు పోయాయి గానీ నా నోట్‌బుక్‌లో ఏ సీసా పళ్లను ఏ నంబరు అక్రిలిక్ దిమ్మెల్లో (టెస్టింగ్ కోసం పన్ను బిగించే ప్లాస్టిక్ ముక్కలు) పెట్టానో ఒక పేజీ ఉంది. ద్రావణం చింది సగం అక్షరాలు అలుక్కుపోయాయి, 17వ దిమ్మె నుంచి 22 వరకు నీలం మరకే. అవి కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి, వెనకవైపు నుంచి పెన్ను ఒత్తుడు చూసి చదివాను. ఆ తేదీలను ఓరల్ సర్జరీ వాళ్ల ఎక్స్‌ట్రాక్షన్ రిజిస్టరుతో పోల్చాలి, దానికి ఎథిక్స్ కమిటీకి మళ్లీ ఒక ఉత్తరం, 24 రోజుల ఎదురుచూపు. పేర్లు రాసుకోకుండా, ఒక్కో పేషెంటుకు ఒక కోడ్ వేసుకుంటూ లెక్క తేల్చాం. 56 పళ్లు, 19 మంది.

స్టాటిస్టిక్స్ ఆయనకు ఇచ్చిన ఫీజు నా నెల స్టైపెండ్‌లో మూడో వంతు. ఈ మొత్తం కథలో నేను సంతోషంగా ఖర్చుపెట్టింది అదొక్కటే. "ఒకే నోట్లోంచి వచ్చిన నాలుగు పళ్లు నలుగురు సాక్షులు కాదు డాక్టరు గారూ, ఒకే సాక్షి నాలుగుసార్లు చెప్పినట్టు" అని, మిక్స్‌డ్ మోడల్ అనేదేదో నడిపారు. నేను పక్కనే కూర్చున్నాను. స్క్రీన్ మీద 0.11 అని వచ్చింది. ఎర్ర అక్షరాల్లో పెట్టి బహుమతి కొట్టిన 0.03 కాస్తా 0.11.

ఇంటికొచ్చి పేపర్ మూసేద్దామనే అనుకున్నాను. నిజంగానే. కాన్ఫరెన్స్‌లో చెప్పిన పనులు ఎన్ని పూర్తి పేపర్లవుతాయో వైద్య పరిశోధనలను పోగేసి సమీక్షించే కాక్రేన్ వాళ్లు 2018లో లెక్క తీశారు, 3 లక్షలకు పైగా అబ్‌స్ట్రాక్టులు చూస్తే 37.3 శాతమే. మిగతావాళ్లు ఎందుకు ఆగారంటే, టైం లేక అన్నదే అందరూ ఎక్కువగా చెప్పే కారణం. నన్నడిగినా అదే చెప్పేదాన్ని. ఈ 0.11 సంగతి ఎవరికీ చెప్పుకునేదాన్ని కాదు.

మర్నాడు సార్ "అదే రాయి" అన్నారు. "తేడా తేలలేదు అని రాయి, ఎందుకు తేలలేదో రాయి, పళ్లు ఎలా పంచామో కూడా రాయి." బ్రాకెట్ నోట్లో నిలవాలంటే 5.9 నుంచి 7.8 మెగాపాస్కల్ బలం సరిపోతుందని 1975 నుంచి అందరూ చెప్పుకునే లెక్క ఒకటుంది, రేనాల్డ్స్ అనే పరిశోధకులు ఇచ్చిన లెక్క. మా రెండు గ్రూపుల సగటూ దానికి పైనే ఉంది. మేము చెప్పగలిగింది అంతవరకే: రెండూ ఆ గీత దాటాయి, ఏది మేలో మా డేటా తేల్చదు. టైటిల్లోంచి "అధిక బలం" అన్న మాట తీసేస్తుంటే పంటి కింద రాయి పడ్డట్టుంది. యాదృచ్ఛికంగా అన్న మాట కూడా తీసేసి, లిమిటేషన్లలో ఒక పేరా రాశాను. మాయమైన నాలుగు పళ్ల సంగతీ రాశాను: రెండు దిమ్మె పోసేటప్పుడు పగిలాయి, రెండింటి బ్రాకెట్లు మెషీన్‌లో పెట్టకముందే ఊడిపోయాయి. అబ్‌స్ట్రాక్ట్ పంపేనాటికి టెస్టింగ్ పూర్తి కాలేదు, అందుకే అక్కడ 60.

జిగురు స్కోరుకు మెమరీ కార్డు పనికొచ్చింది. పళ్లు లేకపోయినా ఫోటోలున్నాయి. 56లో 52 స్పష్టంగా ఉన్నాయి, వాటికి ఇంకో ఆథర్, గ్రూపు తెలియకుండా, 0 నుంచి 3 వరకు మళ్లీ స్కోరు వేశారు. మా ఇద్దరి మధ్య కాపా (స్కోర్లు ఎంతవరకు కలిశాయో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా కలిసినట్టు) 0.71. గొప్పేం కాదు, రాయడానికి సిగ్గుపడేదీ కాదు.

మూడో జర్నల్‌కు 2024 జూన్ 14న పంపాం. ఇక్కడ ప్రతి ఆథర్‌కూ ఒప్పుకోలు మెయిల్ వెళ్తుంది, అందరూ లింకు నొక్కితేగానీ పేపర్ కదలదు. ఒకరి మెయిల్ పాత కాలేజీది, మూతపడింది. నేను 12 రోజులు "అండర్ రివ్యూ" కోసం చూస్తూ కూర్చున్నాను, అసలు పేపర్ గుమ్మం దాటనే లేదు.

జులై 30న మేజర్ రివిజన్ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని) వచ్చింది, 60 రోజుల గడువు. మేజర్ అన్న మాట చూసి గుండె జారింది గానీ సార్ స్వీట్ తినమన్నట్టు నవ్వారు, తలుపు తెరిచారంటే సగం అయినట్టేనట. 41 కామెంట్లు. ఒక్కోదాన్నీ అలాగే కింద పెట్టి, జవాబు, పేపర్లో ఏ పేజీ ఏ లైన్‌లో మార్చామో, అలా 11 పేజీల ఉత్తరం అయింది. ఒక కామెంట్ పూర్తిగా తప్పని నాకు అనిపించింది, కోపంగా ఒక పేరా రాశాను, సార్ దాన్ని "ధన్యవాదాలు, అయితే" అని మొదలయ్యే రెండు వాక్యాలు చేశారు. రివ్యూయర్ ఒప్పుకున్నారు. ఇంకో కామెంట్ చూసి మాత్రం నవ్వొచ్చింది: పళ్లను ఎలా పంచారో దాచకుండా రాసినందుకు అభినందనలు అని.

సెప్టెంబర్ 20న తిరిగి పంపాం, నవంబర్ 4న మైనర్ రివిజన్, 18న పంపాం, డిసెంబర్ 2న యాక్సెప్ట్. ఆ మెయిల్‌లోనే రెండో పేరాలో ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదివేలా, ఖర్చు ఆథర్లది) కావాలా అని అడిగారు, రేటు చూస్తే వేలల్లో డాలర్లు. బాగా కిందికి వెళ్తే చిన్న అక్షరాల్లో ఇంకో దారి ఉంది, సబ్‌స్క్రిప్షన్ పద్ధతి, ఆథర్లకు పైసా ఖర్చు లేదు. అదే నొక్కాను. మొదటి బటన్ నొక్కి బిల్లు వచ్చాక లబోదిబోమన్నవాళ్లు నాకు తెలుసు.

ప్రూఫ్ (ప్రచురించే ముందు సరిచూడమని పంపే ప్రతి) మెయిల్ స్పామ్‌లో పడింది. 48 గంటల గడువులో 30 గంటలు అయ్యాక చూశాను. నా ఇంటిపేరు, అసలు పేరు తారుమారయ్యాయి, అది ఎలాగూ జరుగుతుందని అందరూ ముందే చెప్పారు. రాత్రి 2 గంటలకు టేబుల్స్ ఒక్కో అంకే వేలు పెట్టి చదువుతుంటే మూడో టేబుల్లో పీ విలువ 0.011 అని ఉంది. మధ్యలో ఒక సున్నా ఎక్కువ. ఎవరూ పట్టుకోకపోతే మళ్లీ నాకు "గొప్ప ఫలితం" వచ్చేసేది. కాసేపు ఆ సున్నాను చూస్తూ కూర్చుని, కొట్టేసి పంపాను.

ఆన్‌లైన్‌లో వచ్చింది జనవరిలోనే అయినా సంచిక, పేజీ నంబర్లు ఇచ్చింది మాత్రం 2025 జూన్‌లో. రెజ్యూమెలో ఇప్పుడు ఒకే పని రెండు చోట్ల ఉంది, ప్రెజెంటేషన్ టైటిల్ ఒకటి చెప్తుంది, పేపర్ టైటిల్ ఇంకోటి చెప్తుంది. మొన్న ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన రెండింటి మీదా పెన్ను పెట్టి "ఏది నిజం?" అని అడిగారు. పేపరేనండీ అన్నాను. "మరి బహుమతి?" అన్నారు. అది ముందే ఇచ్చేశారండీ అన్నాను.